వానలు, మిడుతలు, సామ్రాజ్యాలు: ప్రవక్తల గ్రంథాల్లో దేవుని ఏలుబడిని మెట్టుమెట్టుగా చదవడం ఎలా

ప్రవక్తల గ్రంథాలు చదవాలని కూర్చున్న చాలామంది యెషయా 13 దగ్గర ఆగిపోతారు. అక్కడి నుంచి 23 వరకు బబులోను, మోయాబు, దమస్కు, ఐగుప్తు, తూరు అంటూ వరసగా దేవోక్తులే. ఊళ్ల పేర్లు తెలియవు, ఎవరి మీద ఎవరికి కోపమో అంతుపట్టదు, ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో అర్థం కాదు. దాంతో ఆ పేజీలన్నీ గబగబా తిప్పేసి 40వ అధ్యాయంలో "నా జనులను ఓదార్చుడి" అనే చోట స్థిమితపడతారు. యిర్మీయాలో 46 నుంచి 51, యెహెజ్కేలులో 25 నుంచి 32 పరిస్థితీ అంతే. సంఘాల్లో కూడా వీటి మీద ప్రసంగాలు తక్కువే.

నాకు మాత్రం ప్రవక్తల గుండెకాయ అక్కడే ఉందనిపిస్తుంది. వానకూ ఆయనే ఏలిక, రాజ్యాలకూ ఆయనే ఏలిక అని వాళ్లు చెప్పిన మాట ముందు వినేవాళ్ల మీదికే వస్తుంది. శత్రువు మీదికి తర్వాత వెళ్తుంది. ఈ క్రమం పట్టుకోకుండా చదివితే ఈ అధ్యాయాలు పక్కవాడి నాశనం చూసి సంబరపడే పద్యాల్లా కనబడతాయి, అలా వాడుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏం గమనించాలో, ఎక్కడ నెమ్మదించాలో ఒక్కొక్కటిగా చెప్తాను.

1. ముందు మ్యాప్, తేదీలు

బైబిలు వెనక పేజీల్లో పాత నిబంధన కాలపు మ్యాప్ ఉంటే సరే. లేకపోతే ఫోన్‌లో దించుకుని ప్రింట్ తీయించుకోండి, దాని మీద గీతలు గీసే పని ఉంది. నోట్‌బుక్ మొదటి పేజీలో ఈ తేదీలు రాసుకోండి. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఉత్తర రాజ్యం ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను అష్షూరు చేతిలో పడిపోయింది, ఆ రాజ్యం కథ అక్కడితో ముగిసింది. 701లో అష్షూరు రాజు సన్హెరీబు దక్షిణ రాజ్యం యూదా మీదికి దండెత్తాడు. 612లో అష్షూరు రాజధాని నీనెవె కూలింది. 605లో కర్కెమీషు దగ్గర బబులోను ఐగుప్తును ఓడించింది. 586లో యెరూషలేము కాలిపోయింది. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నాడు.

ఇంతే చాలు. ఏ భాగం తెరిచినా అది ఏ రెండు తేదీల మధ్య జరుగుతున్న సంగతో చూసుకుంటే సగం చిక్కు విడిపోతుంది. యోవేలు లాంటి గ్రంథానికి తేదీ తేల్చలేరు, పండితులు కూడా దాని మీద ఏకాభిప్రాయానికి రాలేదు. అలాంటి చోట ఖాళీ వదిలి ముందుకు సాగండి.

ప్రతి భాగం పక్కనా మూడు ప్రశ్నలు రాసుకోండి: ఈ మాట ఎవరి గురించి? ఎవరి చెవిన పడింది? దెబ్బ చివరికి ఎవరికి తగిలింది? మూడో దానికి జవాబు తొందరపడి రాయకండి.

2. యెషయాతో కాదు, ఆమోసుతో మొదలుపెట్టండి

ఆమోసు 1, 2 అధ్యాయాలు గట్టిగా, ఆగకుండా చదవండి, వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి. ఆయన తెకోవ పసులకాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు. దక్షిణాన యూదాకు చెందిన ఈ మనిషి సరిహద్దు దాటి ఉత్తర రాజ్యంలోని బేతేలుకు వెళ్లి మాట్లాడాడు. అది రెండో యరొబాము ఏలుతున్న కాలం, పైవర్గం చేతిలో డబ్బు బాగా ఆడుతున్న కాలం. భూకంపానికి రెండేళ్ల ముందు చెప్పిన మాటలని గ్రంథం మొదటి వచనమే అంటోంది.

ఇప్పుడు పెన్సిల్‌తో మ్యాప్ మీద గుర్తులు పెట్టండి. ముందు ఈశాన్యాన దమస్కు, తర్వాత నైరుతిలో గాజా, వాయవ్యంలో సముద్రపు ఒడ్డున తూరు, ఆగ్నేయంలో ఎదోము, తూర్పున అమ్మోను, దానికి దక్షిణంగా మోయాబు. ఒక్కొక్క పేరు పడుతుంటే బేతేలులో నిలబడి వింటున్నవాళ్లకు ఎంత హుషారుగా ఉండి ఉంటుందో ఊహించండి, వాళ్లందరూ తమ శత్రువులే కదా. ఆ తర్వాత దక్షిణాన యూదా. ఆ తర్వాత ఇశ్రాయేలు, అంటే వినేవాళ్లే. గీతలన్నీ కలిపి చూస్తే వాళ్ల చుట్టూ ఉచ్చు బిగిసినట్టు కనబడుతుంది. అందరికంటే పొడుగైన నేరాల పట్టీ వాళ్లదే: వెండి కోసం నీతిమంతుణ్ణి, చెప్పుల జత కోసం బీదవాణ్ణి అమ్మేస్తున్నారు, తాకట్టు పెట్టించుకున్న బట్టలు పరుచుకుని బలిపీఠం పక్కనే పడుకుంటున్నారు.

మోయాబు దగ్గర తప్పకుండా ఆగండి. దమస్కు గిలాదును ఇనుప పనిముట్లతో నూర్చింది, అమ్మోను సరిహద్దు పెంచుకోవడానికి గర్భిణుల కడుపులు చీల్చింది, ఇవి ఇశ్రాయేలీయుల మీద జరిగిన ఘోరాలు. మోయాబు నేరం వేరు. వాళ్లు ఎదోము రాజు ఎముకలను సున్నమయ్యేలా కాల్చారు. ఒక పరాయి రాజ్యం ఇంకో పరాయి రాజు శవానికి చేసిన అవమానం అది. ఇశ్రాయేలుకు అందులో నష్టం లేదు, పైగా ఎదోము కూడా శత్రువే. అయినా దేవుడు లెక్క అడుగుతున్నాడు. ఆయన ఒక్క జాతికి కాపలాదారైతే ఈ సంగతి ఆయనకు పట్టేది కాదు. చనిపోయిన పరాయివాడికి జరిగిన అవమానం కూడా ఆయన న్యాయస్థానంలో కేసే అని ఒక పసులకాపరి క్రీ.పూ. 8వ శతాబ్దంలో చెప్పాడు!

ఇది అయ్యాక 3:2, 9:7 పక్కపక్కన చదవండి. మొదటిదాంట్లో, భూమి మీది వంశాలన్నిటిలో మిమ్మల్నే ఎరిగాను కాబట్టే మిమ్మల్ని శిక్షిస్తాను అంటాడు. రెండోదాంట్లో, మీరు నాకు ఐగుప్తుకు దక్షిణాన ఉన్న కూషీయులవంటి వాళ్లే కదా, ఐగుప్తులో నుంచి మిమ్మల్ని తెచ్చినట్టే కఫ్తోరు నుంచి ఫిలిష్తీయులనూ, కీరు నుంచి సిరియనులనూ తెచ్చింది నేనే కదా అంటాడు. ఇశ్రాయేలు తన గుర్తింపు మొత్తం నిలబెట్టుకున్న నిర్గమం పక్కన ఫిలిష్తీయుల వలసను పెట్టేశాడు. బేతేలు యాజకుడు అమజ్యా ఈయన్ని వెళ్లగొట్టాలని ఎందుకు చూశాడో ఇక్కడ అర్థమవుతుంది.

3. ఇక వానా ఎండా సంగతి

ఆమోసు 4:6-11 తీసుకోండి. ఆకలి, వాన లేకపోవడం, తెగులు, మిడుతలు, రోగం, యుద్ధం, ఊళ్ల విధ్వంసం. ఒక్కొక్కటి చెప్పాక "అయినను మీరు నాతట్టు తిరిగినవారు కారు" అనే అర్థంలో ఒకే పల్లవి ఐదుసార్లు వస్తుంది. కోతకు మూడు నెలల ముందు వాన ఆగిందనడం గమనించండి, పైరు గింజ పట్టాల్సిన వేళకు చినుకు లేదన్నమాట. ఒక ఊరి మీద కురిసింది, పక్క ఊరి మీద కురవలేదు, రెండు మూడు ఊళ్లవాళ్లు తడబడుతూ ఒక ఊరి నీళ్ల కోసం పోయారు.

ఇక్కడ చేయాల్సిన పని ఒకటుంది. ప్రకృతి గురించిన ప్రతి వాక్యంలో క్రియ ఎవరిదో చూడండి. "నేను వాన ఆపాను", "నేను కురిపించాను" అని అంతా ఉత్తమ పురుషలోనే ఉంటుంది. అప్పట్లో ఆ దేశంలో వాన ఇచ్చేది బయలు అనే దేవుడన్న నమ్మకం గట్టిగా ఉండేది. ధాన్యం, ద్రాక్షారసం, నూనె ఇచ్చింది నేనని ఆమె ఎరగలేదు అని హోషేయ 2:8లో దేవుడు ఇశ్రాయేలును భార్యతో పోల్చి బాధపడేది కూడా అందుకే. కాబట్టి వాన మాట ఆ రోజుల్లో ఎవరిని ఆరాధించాలన్న మాటే.

యిర్మీయా 14 కూడా ఈ రోజే చదవండి. బైబిలులో కరువును ఇంత దగ్గరగా చూపించిన చోట్లు తక్కువ. పెద్దింటివాళ్లు పిల్లల్ని నీళ్లకు పంపుతారు, వాళ్లు ఖాళీ కుండలతో తిరిగొచ్చి సిగ్గుతో తలలు కప్పుకుంటారు. నేల బీటలు వారింది. పొలంలో ఈనిన లేడి గడ్డి లేక పిల్లను వదిలేసి పోతుంది. అడవి గాడిదలు మెట్టల మీద నిలబడి నక్కల్లా రొప్పుతుంటాయి, వాటి కళ్లు మసకబారాయి. తీర్పు చెప్తున్న ప్రవక్త లేడిపిల్లను చూశాడు. అధ్యాయం చివర, జనాంగాల విగ్రహాల్లో వాన కురిపించేది ఏదైనా ఉందా అని అడిగి, నీ కోసమే కనిపెట్టుకుని ఉన్నామని ప్రార్థిస్తాడు. కరువు పంపినవాడి దగ్గరే వాన అడుగుతున్నాడు. ఇంకో తలుపు లేదు.

యోవేలు మిడుతలను తేలిగ్గా తీసుకోవద్దు. 1915లో పాలస్తీనాను మిడుతల దండు నెలల తరబడి పీడించింది, అప్పటి ఫోటోల్లో ఆకులన్నీ పోయి మోడులైన చెట్లు కనబడతాయి. యోవేలు మొదటి అధ్యాయంలో బెరడు ఒలిచిన అంజూరపు కొమ్మలు తెల్లబడ్డాయన్నప్పుడు ఆయన కళ్లారా చూసిందే చెప్తున్నాడనిపిస్తుంది. 2:25లో ఆ మిడుతలను దేవుడు "నా మహాసైన్యం" అంటాడు. పురుగూ సైన్యమే.

4. రెండూ కలిసే చోటు: యిర్మీయా 27

ఒక్క అధ్యాయమే చదివే తీరిక ఉందంటే నేను ఇదే చదవమంటాను. ఎదోము, మోయాబు, అమ్మోను, తూరు, సీదోను రాజుల దూతలు యెరూషలేములో ఉన్నారు, బబులోను మీద తిరగబడే మంతనాలు నడుస్తున్నాయి. యిర్మీయా మెడకు కాడి కట్టుకుని వాళ్ల మధ్యకు వెళ్లాడు. ఏమని? భూమిని, దాని మీద ఉన్న మనుషులను, జంతువులను చేసింది నేను, ఎవరికి ఇవ్వడం న్యాయమని నాకు తోస్తే వాళ్లకిస్తాను, ఇప్పుడు ఈ దేశాలన్నీ నా సేవకుడైన బబులోను రాజు నెబుకద్నెజరుకు ఇచ్చాను, అడవి జంతువులను కూడా ఇచ్చాను.

ఆ వాదన తీరు గమనించండి. రాజకీయ సలహా సృష్టితో మొదలైంది. నేల ఎవరిదో ముందు తేలితే రాజ్యం ఎవరికన్నది తర్వాత తేలుతుంది. అందుకే ప్రవక్తల దగ్గర ప్రకృతి, జనాంగాలు అని రెండు వేర్వేరు సబ్జెక్టులు ఉండవు. ఏడో వచనం కూడా వదలకండి: అతని స్వదేశానికి కాలం వచ్చేవరకే ఈ ఏలుబడి. గడువు రాసి ఇచ్చిన అధికారం అది.

28వ అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త అదే కాడిని విరగ్గొట్టి, రెండేళ్లలో అంతా చక్కబడుతుందని జనానికి నచ్చే మాట చెప్పాడు. యిర్మీయా ముందు "ఆమేన్, అలాగే జరగనీ" అన్నాడు, అతనికీ అదే కావాలి కదా. తర్వాత వచ్చిన మాట మాత్రం ఇనుప కాడి. దేవుని సార్వభౌమత్వం పేరు చెప్పి మన పక్షం గెలుస్తుందని హామీ ఇచ్చేవాళ్లు ఎదురైనప్పుడల్లా హనన్యాను గుర్తు చేసుకోండి.

5. దండం ఎవరిది, చెయ్యి ఎవరిది

యెషయా 10:5-15 నెమ్మదిగా చదవాలి. రెండు రంగుల పెన్నులు తీసుకుని, దేవుడు అనుకున్నది ఒక రంగుతో, అష్షూరు రాజు అనుకున్నది ఇంకో రంగుతో గీత కొట్టండి. దేవుడు అతన్ని తన కోపపు దండం అంటాడు, కానీ ఏడో వచనంలో "అతడు అలా అనుకోడు" అని వస్తుంది. అతని మనసులో ఉన్నది జనాంగాలను నిర్మూలం చేయడమే. పక్షిగూటిలో వదిలేసిన గుడ్లు ఏరుకున్నట్టు లోకమంతా ఏరుకున్నాను, రెక్క ఆడించినదీ లేదు, కిచకిచమన్నదీ లేదు అని బడాయి పోతాడు. జవాబుగా యెషయా, గొడ్డలి తనతో నరికేవాడి ముందు గొప్పలు చెప్పుకుంటుందా అని అడుగుతాడు.

ఇప్పుడు పక్కన ఇంకో కాగితం పెడదాం. సన్హెరీబు తన దండయాత్రలను మట్టి పట్టకాల మీద చెక్కించాడు, వాటిలో ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. యూదాలో 46 కోటగోడల పట్టణాలు పట్టుకున్నానని, యూదా రాజు హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పిట్టలా బంధించానని అందులో చెప్పుకున్నాడు. మళ్లీ పిట్టే! పట్టణం పట్టుకున్నానని మాత్రం ఎక్కడా రాయలేదు. యెషయా 36, 37 చదివి ఆ తర్వాత దీన్ని చూస్తే, యెషయా ఆ రాజుల మాట తీరును ఎంత బాగా ఎరిగినవాడో తెలుస్తుంది.

పనిముట్టుగా వాడబడినంత మాత్రాన నేరం మాఫీ కాదు, ఈ భాగంలో గట్టిగా పట్టుకోవాల్సింది ఇది. 10:12లో సీయోను (అంటే యెరూషలేము) మీద పని పూర్తవగానే అష్షూరు గర్వానికి లెక్క చూస్తానని స్పష్టంగా ఉంది. యుద్ధం దేవుని చిత్తం కాబట్టి చంపినవాడిది తప్పు లేదనే వాదన ఇక్కడ నిలవదు.

చెట్లకూ ఇందులో భాగం ఉంది. బబులోను రాజు పడిపోయినప్పుడు లెబానోను దేవదారులు సంతోషించి, నువ్వు పడుకున్నప్పటి నుంచి మమ్మల్ని నరికేవాడెవడూ ఎక్కి రాలేదు అంటాయి (యెషయా 14:8). హబక్కూకు 2:17లో లెబానోనుకూ అక్కడి జంతువులకూ చేసిన బలాత్కారం నేరాల పట్టీలోకి ఎక్కింది. నెబుకద్నెజరు తన కట్టడాలకు దేవదారులు తరలించిన సంగతి లెబానోనులోని వాడీ బ్రిసా రాతి శాసనంలో తానే గొప్పగా చెప్పుకున్నాడు. అతనికి గొప్పగా తోచింది ప్రవక్తకు నేరంగా కనబడింది.

6. కోరెషు దగ్గర ఎదురయ్యే ఇబ్బంది

యెషయా 44:24 నుంచి 45:13 వరకు ఒకే బిగిలో చదవండి. దావీదు వంశంలో పుట్టని, యెహోవాను ఎరగని పారసీక రాజును దేవుడు తన అభిషిక్తుడు అంటాడు. "నువ్వు నన్ను ఎరగకపోయినా" అని రెండుసార్లు వస్తుంది. వెంటనే 45:9లో, మట్టి కుమ్మరితో వాదిస్తుందా అన్న గద్దింపు. అంటే వింటున్నవాళ్లలో కొందరికి ఈ విడుదల నచ్చలేదని నా అభిప్రాయం. మన కోసం మనవాడు కాకుండా వాడెవడో రావడమేంటి అన్న బాధ.

1879లో బబులోను శిథిలాల్లో దొరికిన కోరెషు స్థూపాకార మట్టి శాసనం, అతన్ని ఎంచుకున్నది మర్దూకు దేవుడని చెప్తుంది. ఒకే విజయం, దానికి రెండు సాక్ష్యాలు. 45:4-5 ఇది ముందే ఒప్పుకుంటోంది కదా, అతను ఎరగడని.

7. "అయితే" అనే మాట ఎక్కడుందో వెతకండి

యిర్మీయా 18:7-10 నోట్‌బుక్‌లో పూర్తిగా ఎత్తి రాసుకోండి. ఒక జనాంగాన్ని పెల్లగిస్తానని నేను చెప్పాక అది చెడు మానితే నేను కూడా మనసు మార్చుకుంటాను, కడతానని చెప్పాక అది చెడిపోతే ఆ మేలూ ఆపేస్తాను. తీర్పు మాటలన్నీ దీన్ని దృష్టిలో పెట్టుకునే చదవాలి. యోనా గ్రంథమంతా దీనికి ఉదాహరణే. గాలి, చేప, సొరచెట్టు, పురుగు, తూర్పుగాలి అన్నీ మాట వింటాయి, నీనెవె కూడా వింటుంది, వినడానికి ఇబ్బంది పడింది ప్రవక్త ఒక్కడే.

యెహెజ్కేలు 29:17-20 కూడా చూడండి. తూరు మీద చేసిన కష్టానికి నెబుకద్నెజరుకు, అతని సైన్యానికి కూలి దొరకలేదని, బదులుగా ఐగుప్తును ఇస్తున్నానని అక్కడ ఉంది. ప్రతి తలా బోడి అయ్యింది, ప్రతి భుజం కొట్టుకుపోయింది అని సైనికుల ఒళ్లు కూడా వర్ణించాడు. అతను తూరును కూలగొట్టి దోచుకుంటాడని 26వ అధ్యాయంలో చెప్పినదాని పక్కన ఈ మాట పెట్టి చదవడం కొందరికి టెన్షన్‌గా ఉంటుంది. దాచిపెట్టకుండా రాసిన ఆ నిజాయితీ నాకు ఈ గ్రంథం మీద గౌరవం పెంచింది.

8. ప్రశ్న అడగడానికి భయపడొద్దు

హబక్కూకు మొదటి అధ్యాయం. కల్దీయులను, అంటే బబులోనువాళ్లను, లేపుతున్నానన్న దేవుని జవాబు వినగానే ఆయన ఊరుకోలేదు. మాకంటే దుర్మార్గుడు మమ్మల్ని మింగుతుంటే ఎలా చూస్తూ ఉంటావు? మనుషులను చేపల్లా గాలాలతో, వలలతో పట్టుకుని, ఆ వలకే బలులు అర్పిస్తున్నాడు, ఇలా వల దులుపుతూనే ఉంటాడా? సార్వభౌమత్వం ఒప్పుకున్నవాడే ఇంత గట్టిగా అడిగాడు. మీరు అడగాలనుకున్నది కూడా మార్జిన్‌లో రాసుకోండి.

9. ఈ కాలానికి అన్వయించేటప్పుడు

పాత పేర్లకు ఈనాటి దేశాలను అతికించే వీడియోలు, వాట్సాప్ ఫార్వర్డ్‌లు పక్కన పెట్టేయండి. వాటి వల్ల మూడో ప్రశ్న, అంటే దెబ్బ ఎవరికి తగిలిందన్నది, ఎప్పుడూ పక్కవాడి వైపే తిరుగుతుంది.

మన దగ్గర ఇంకో సమస్య ఉంది. తుఫాను వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అది ఫలానావాళ్ల పాపానికి శిక్ష అనేస్తారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయారు. అలాంటి చోట నిలబడి యోవేలును తెరవాల్సి వస్తే, ఆయన ఏం చేశాడో చూడండి: మిడుతలు ఏ పాపానికి వచ్చాయో పేరు పెట్టి చెప్పలేదు. యాజకులను రాత్రంతా గోనెపట్టతో గడపమన్నాడు, పశువుల మూలుగు విన్నాడు, "యెహోవా, నీకే నేను మొరపెడుతున్నాను" అని తానూ ఏడ్చాడు. ఆమోసు కరువు గురించి మాట్లాడాడు నిజమే, కానీ ఆ కరువు అనుభవించినవాళ్ల ముఖం మీద, బీదలను నలిపేసిన పెద్దల గురించి మాట్లాడాడు. దూరంగా కూర్చుని మునిగిపోయిన పల్లెల మీద తీర్పు చెప్పే అధికారం ఈ ఇద్దరి దగ్గరా మనకు దొరకదు.

10. చివరికి మోయాబు కోసం ఏడుపు, ఐగుప్తుకు దీవెన

యెషయా 19 మొత్తం చదవండి. మొదట నైలు ఎండిపోతుంది, జాలరులు ఏడుస్తారు, నారబట్టలు నేసేవాళ్లు చేతులెత్తేస్తారు. చివరి మూడు వచనాల్లో ఐగుప్తు నుంచి అష్షూరుకు రాజమార్గం పడుతుంది. నా జనమైన ఐగుప్తు, నా చేతుల పనియైన అష్షూరు, నా స్వాస్థ్యమైన ఇశ్రాయేలు, ముగ్గురూ దీవెన పొందుతారు. ఒకరు బానిసత్వంలో ఉంచినవాళ్లు, ఒకరు ఊళ్లు తగలబెట్టినవాళ్లు. ఇశ్రాయేలుకు మాత్రమే వాడే బిరుదులు వాళ్లకు పంచేశాడు.

తర్వాత యిర్మీయా 48. పొడుగైన అధ్యాయం, మోయాబు ఊళ్ల పేర్లతో నిండి ఉంటుంది, మ్యాప్ మళ్లీ తీయాల్సిందే. మోయాబు గర్వానికి తీర్పు చెప్తూ చెప్తూ మధ్యలో స్వరం మారిపోతుంది: మోయాబు కోసం నా గుండె పిల్లనగ్రోవిలా మోగుతోంది (48:36). తీర్పు ఇస్తున్న గొంతే ఏడుస్తోంది. చాలామంది అక్కడికి వచ్చేసరికి అలసిపోయి ఆపేస్తారు. మీరు ఆపకుండా 47వ వచనం దాకా చదవండి, అంత్యదినాల్లో చెరలో ఉన్న మోయాబును తిరిగి రప్పిస్తానన్న మాట అక్కడుంది. తర్వాత 49:6 అమ్మోను గురించి, 49:39 ఏలాము గురించి. ఆ మూడు వచనాలనూ ఆమోసు 1, 2 కోసం గీసిన మ్యాప్ పక్కనే రాసుకోండి.